గని మాటల వెనుక లెక్కలు

2023 ఫిబ్రవరిలో జమ్మూ కశ్మీర్‌లోని రియాసి జిల్లాలో 59 లక్షల టన్నుల లిథియం బయటపడిందని టీవీలన్నీ హోరెత్తించాయి. ఆ వారమంతా హైదరాబాద్‌లోని మా మన్సూరాబాద్‌లో ఎవరు కలిసినా అదే ముచ్చట. కొత్తగా ఎలక్ట్రిక్ స్కూటర్ కొన్న కుర్రాడొకడు "సార్, ఇగ బ్యాటరీలు సస్తగైతయ్ కదా?" అని ఆశగా అడిగాడు. ప్రభుత్వ ప్రకటనలో లిథియం అన్న మాట పక్కనే మరో రెండు మాటలున్నాయి. ఒకటి 'ఇన్‌ఫర్డ్ రిసోర్స్', రెండోది 'జీ3'. టీవీ దాకా వచ్చేసరికి ఆ రెండూ రాలిపోయాయి. అసలు సంగతంతా ఆ రెండింటిలోనే ఉంది.

భూమిలో ఫలానా ఖనిజం ఇంత ఉందని తేల్చడం ఒక్కసారిగా అయ్యే పని కాదు. మన దేశంలో దాన్ని నాలుగు మెట్లుగా చేస్తారు. జీ4 అంటే ప్రాంతమంతా తిరిగి, రాళ్లు చూసి, అక్కడక్కడ నమూనాలు తీసి, ఇక్కడ ఉండొచ్చు అనుకునే దశ. జీ3లో కొన్ని కందకాలు తవ్వుతారు, దూరదూరంగా బోర్లు వేస్తారు. జీ2లో బోర్లు దగ్గరవుతాయి. జీ1కి వచ్చేసరికి పొర ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో, ఎంత మందముందో, అందులో సారమెంతో గట్టిగా చెప్పగలుగుతారు. అంకె తగ్గుతున్నకొద్దీ నమ్మకం పెరుగుతుందన్నమాట. ఇన్‌ఫర్డ్ అంటే ఆ దూరదూరపు ఆధారాలను బట్టి ఊహించి కట్టిన లెక్క. అది గాలిమాట కాదు, శాస్త్రమే. కానీ దాన్ని పట్టుకొని గని తవ్వలేం. పైగా ఆ 59 లక్షల టన్నులు లిథియం లోహం బరువు కాదు, లిథియం కొద్దిగా కలిసి ఉన్న రాతి బరువు. తర్వాత ఆ బ్లాకును వేలానికి పెడితే కావలసినంతమంది ముందుకు రాక వేలం రద్దయింది. ఆ కుర్రాడికి ఇదంతా చెప్పాక "మరి టీవీల గట్ల జెప్పలే" అన్నాడు. చెప్పి ఉండాల్సింది.

రిసోర్స్ అన్నదానికీ రిజర్వ్ అన్నదానికీ చాలా తేడా ఉంది. భూమిలో ఉన్న సరుకంతా రిసోర్స్. అందులో నేటి ధరకు, నేటి యంత్రాలతో, చట్టం ఒప్పుకున్న మేరకు, గిట్టుబాటుగా బయటికి తీయగలిగిన భాగమే రిజర్వ్. మన పత్రికలు రెండింటికీ 'నిక్షేపాలు' అనే రాస్తాయి. మొదటిదాన్ని వనరు అని, రెండోదాన్ని నిల్వ అని విడదీసి రాస్తే పాఠకుడికి సగం గందరగోళం తగ్గుతుందని నా గట్టి నమ్మకం.

నేను సింగరేణిలో మైన్ సర్వేయర్‌గా పనిచేసి రిటైరయ్యాను. బాయి, అంటే గని, ఎటు పోతోంది, ఎంత దూరం పోయింది, పక్క బాయికీ దానికీ మధ్య ఎంత బొగ్గు మిగిలింది అన్నది కొలిచి కాగితం మీద గీయడం నా పని. ఉద్యోగం అయిపోయాక పిల్లల దగ్గర ఉందామని మన్సూరాబాద్ వచ్చి, పెద్ద చెరువుకు దగ్గర్లో స్థిరపడ్డాం. భూగర్భం సంగతులు తెలిసిన సంస్థలకు ఈ వైపు కొదవ లేదు. బండ్లగూడలో జియలాజికల్ సర్వే దక్షిణ ప్రాంత కార్యాలయం ఉంది. దేశం నలుమూలల నుంచి కొత్త జియాలజిస్టులు వచ్చి నేర్చుకునే ఆ సర్వే శిక్షణ సంస్థ హైదరాబాద్‌లో 1976లో పుట్టింది, అదీ అక్కడే. ఉప్పల్ దారిలో 1961 నాటి జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ. అయినా మా వీధివాళ్లు గని కాగితాలు నా దగ్గరికే తెస్తారు. ఇక్కడ నల్లగొండ, సూర్యాపేట, ఖమ్మం వైపు నుంచి వచ్చి ఇళ్లు కట్టుకున్నవాళ్లు ఎక్కువ. సొంతూళ్లో క్వారీకో గనికో నోటీసు అంటించారంటే ఫోన్లో ఫొటో తీసి పంపిస్తారు వాళ్ల బంధువులు. అది తెలుగులోనే ఉంటుంది. చదివితే మాత్రం అర్థం కాదు. కోర్ జోన్, బఫర్ జోన్, ఓవర్‌బర్డెన్, బెనిఫిసియేషన్, టెయిలింగ్స్ అని తెలుగు అక్షరాల్లో వరుసగా ఉంటాయి. ఆ మాటలు అర్థం కానివాళ్లు గని మీద జరిగే బహిరంగ విచారణ సభలో లేచి ఏమడగగలరు?

గనిదాకా పోకముందు మన ఇంటికింది రాతినే చూద్దాం. ఎల్బీనగర్, నాగోలు, మన్సూరాబాద్ అంతా గ్రానైట్ మీద ఉంది. దాని వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. ఎండాకాలం బోరు బండి వచ్చినప్పుడు ఆ పనివాళ్ల మాటలు వినండి. ముందు మొరం అంటారు, తర్వాత మెత్తరాయి, ఆ తర్వాత గట్టిరాయి, అదృష్టముంటే 'గ్యాప్ తగిలింది' అంటారు. మెత్తరాయి అన్నదాన్ని జియాలజిస్టు వెదర్డ్ జోన్ అంటాడు, అంటే ఎండకూ వానకూ లక్షల ఏళ్లు నాని చివికిన గ్రానైట్. గ్యాప్ అన్నదాన్ని ఫ్రాక్చర్ అంటాడు, అంటే గట్టి రాతిలోని పగులు. బోరు పనివాళ్ల మాటలు శాస్త్రానికి ఏమాత్రం తీసిపోవు. చివికిన రాయి జారి బోరు పూడిపోకుండా గట్టిరాయి తగిలేదాకా కేసింగ్ పైపు దింపాలన్న సంగతి వాళ్లకు చేతులకే తెలుసు. గట్టి గ్రానైట్ తన ఒంట్లో నీళ్లు దాచుకోదు. నీళ్లు ఉంటే పై చివుకు పొరలో ఉండాలి, లేదా కింది పగుళ్లలో ఉండాలి. అందుకే ఒక ఇంట్లో బోరు పోస్తుంటే పక్కింట్లో వెయ్యి అడుగులు దిగినా తెల్ల దుమ్మే లేస్తుంది. పగులు ఆ ఇంటికింద పోయింది, ఈ ఇంటికింద పోలేదు, అంతే.

ఆ గ్రానైట్ ముక్కను చేతిలోకి తీసుకుంటే తళతళలాడే రేకులు అభ్రకం, గాజుముక్కల్లా ఉన్నవి పలుగు, గులాబీ, తెలుపు రంగు పలకలు ఫెల్‌స్పార్. ఈ ఒక్కొక్కటీ ఒక ఖనిజం. అవి కలిసి గడ్డకట్టినది శిల. ఇక ఏ రాతిలో మనకు పనికొచ్చే సరుకు గిట్టుబాటయ్యేంత ఉంటుందో దాన్ని ముడిఖనిజం అంటారు. మొదటి రెండూ ప్రకృతి పెట్టిన తేడాలు. మూడోది బజారు పెట్టినది. కోలార్ బంగారు గనుల్లో చిత్తూరు జిల్లా మనుషులు తరతరాలు పనిచేశారు. మూడు కిలోమీటర్లకు పైగా లోతుకు దిగిన ఆ గనులను 2001 ఫిబ్రవరి 28న మూసేశారు. కింద బంగారం పూర్తిగా అయిపోయిందని కాదు. టన్ను రాతిలో దొరికే పిసరు బంగారం దాన్ని పైకి తెచ్చే ఖర్చుకు చాలలేదు. ఈ హద్దునే కటాఫ్ గ్రేడ్ అంటారు. ధర పెరిగితే నిన్నటి పనికిరాని రాయి రేపు ముడిఖనిజమవుతుంది. అందుకే మూసిన గనుల పేర్లు మళ్లీ మళ్లీ వార్తల్లోకి వస్తుంటాయి.

వంటగట్టు మీద వేయించుకునే 'గ్రానైట్' సంగతీ ఇక్కడే చెప్పాలి. చీమకుర్తి నుంచి ప్రపంచమంతా పోయే నల్ల గెలాక్సీ రాయి శాస్త్రం ప్రకారం గ్రానైట్ కాదు. అది గాబ్రో జాతి రాయి. నక్షత్రాల్లా మెరిసేవి బ్రాంజైట్ అనే ఖనిజపు రేణువులు. వ్యాపారంలో నునుపుదేలే గట్టిరాయి ఏదైనా గ్రానైటే. కొనేవాడికి దీనివల్ల నష్టమేం లేదు.

ఇక నా బాయి దగ్గరికి వస్తాను.

సింగరేణిలో గనిని ఎవరూ గని అనరు. బాయి అంటారు. బాయి దిగుడు, బాయి పని, బొగ్గుబాయి. 1871లో జియలాజికల్ సర్వేకు చెందిన విలియం కింగ్ ఇల్లెందు దగ్గర బొగ్గు ఉన్నట్టు గుర్తించాడు. అక్కడి ముఖ్యమైన పొరకు ఆయన పేరే పెట్టి కింగ్ సీమ్ అన్నారు. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ తవ్వే హక్కులు సంపాదించింది. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది. గోదావరి, ప్రాణహిత లోయ వెంబడి సుమారు 350 కిలోమీటర్ల పొడవునా పరుచుకున్న ఈ బొగ్గు గోండ్వానా కాలానిది, పాతిక కోట్ల ఏళ్లు దాటినది. గోండుల దేశం పేరు మీద పెట్టిన ఆ మాట ఇవాళ దక్షిణార్ధగోళంలోని ఖండాలన్నిటికీ వర్తిస్తోంది. ఒకప్పుడు అవన్నీ ఒకే నేల అని తెలిశాక ఆ మహాఖండానికి కూడా గోండ్వానా అనే పేరు స్థిరపడింది.

బొగ్గు పొర చదునుగా ఉండదు, ఒకవైపు వాలి ఉంటుంది. కొత్తగా చేరిన కుర్రాళ్లకు డిప్, స్ట్రైక్ అన్న రెండు మాటలు ఎక్కించడం మాకు కష్టంగా ఉండేది. పెంకుటింటి కప్పు చూపించి చెప్పేవాణ్ణి. వాన నీళ్లు ఎటు జారతాయో అది డిప్, నడికొప్పు ఎటు పోతుందో అది స్ట్రైక్. బాయిలో వాలు కిందికి పోతే డిప్ సైడు, పైకి పోతే రైజ్ సైడు. నీళ్లన్నీ డిప్ వైపు చేరతాయి కనుక పంపులు అక్కడే ఉంటాయి. ఎక్కడ ప్రమాదం పొంచి ఉందో చెప్పే మాటలివి. పుస్తకం కోసం పుట్టినవి కావు.

ఒక్కోసారి తవ్వుకుంటూ పోతుంటే బొగ్గు ఉన్నట్టుండి ఆగిపోతుంది. ఎదురుగా రాతిగోడ. 'ఫాల్ట్ తగిలింది' అంటాం. ఎప్పుడో భూమి పగిలి, పగులుకు ఒకవైపు ఉన్న పొరలన్నీ కిందికో పైకో జరిగాయి. పాఠ్యపుస్తకం దీన్ని భ్రంశం అంటుంది. ఎంత జరిగిందన్నది త్రో. అది మూడడుగులైతే కాస్త రాయి కోసి పొరను మళ్లీ అందుకోవచ్చు. వంద అడుగులైతే ఆ పక్కనంతా వేరే బాయి కిందే లెక్క. రిసోర్స్ ఉండి కూడా రిజర్వ్ లేకపోవడమంటే ఏమిటో అర్థం కావాలంటే ఫాల్ట్ అవతల మిగిలిపోయిన బొగ్గును తలుచుకోవాలి.

భూమి లోపల తవ్వే పాత పద్ధతి బోర్డ్ అండ్ పిల్లర్. పొరలో అడ్డంగా, నిలువుగా గ్యాలరీలు తవ్వుతారు, మధ్యలో బొగ్గు స్తంభాలు వదిలేస్తారు. పైనున్న బండను మోసేది ఆ స్తంభాలే. గ్యాలరీ వెడల్పు 4.8 మీటర్లు, ఎత్తు 3 మీటర్లు దాటకూడదని 1957 నాటి బొగ్గుగనుల నిబంధన చెప్పింది. ఆ అంకె వెనుక ఎంతమంది చావులున్నాయో చెప్పలేను. బండ ఎంత వెడల్పు దాకా తనను తాను మోసుకోగలదో మనిషి ఒక్కసారిలో నేర్చుకోలేదు. పని మొదలుపెట్టేముందు అక్కడి పని చూసుకునే మైనింగ్ సర్దార్ కడ్డీతో పైబండను కొట్టి చూస్తాడు. గట్టి బండ ఖంగుమంటుంది. లోపల పొర విడిపోయిందంటే డొల్ల చప్పుడు వస్తుంది. ఆ చప్పుడు విన్నవాళ్లు అక్కడ నిలబడరు.

చివర్లో వెనక్కి వస్తూ స్తంభాలను కూడా కోసుకుంటారు. దీన్ని డిపిల్లరింగ్ అంటారు. బొగ్గు తీసేసిన ఖాళీ చోటు గోఫ్. గోఫ్‌లో బండ కూలాలి. కూలకుండా వేలాడుతుంటేనే భయం. పైన ఊరో, చెరువో, రైలుపట్టానో ఉంటే కూలనివ్వకూడదు. అప్పుడు గోదావరి ఇసుకను నీళ్లతో కలిపి గొట్టాల గుండా లోపలికి పంపి గోఫ్ నింపుతారు. అది స్టోయింగ్. నింపకుండా వదిలేసిన చోట పైనేల మెల్లగా కుంగుతుంది, పొలాల్లో నెర్రెలు పడతాయి. అది సబ్సిడెన్స్. గని కాగితంలో 'కేవింగ్' అని ఉంటే నేల కుంగుతుందని, 'స్టోయింగ్' అని ఉంటే నింపుతారని అర్థం. ఒక్క మాట తేడాతో పొలం భవిష్యత్తు మారిపోతుంది. అంత పెద్ద సంగతి ఎక్కడో నలభయ్యో పేజీలో ఒక్క పదంగా ఉండిపోతుంది.

అన్నిటికన్నా బరువైన మాట నాకు బ్యారియర్. పాత బాయిలో పని ఆపేసి పంపులు తీసేస్తే అది నీళ్లతో నిండుతుంది. దాని పక్కన కొత్త బాయి తవ్వేటప్పుడు మధ్యలో తవ్వకుండా వదిలేసే బొగ్గు గోడ బ్యారియర్. నీళ్లు నిలిచిన పనులకు 60 మీటర్ల లోపు అనుమతి లేకుండా పోకూడదన్నది నిబంధన. 60 మీటర్లు అన్న మాట నిజం కావాలంటే రెండు బాయిల నక్షాలూ నిజం కావాలి. పాత నక్షా తప్పయితే కొత్త నక్షా ఎంత సరిగ్గా గీసినా ఫలితం లేదు. 1975 డిసెంబర్ 27న ధన్‌బాద్ దగ్గర చాస్‌నాలాలో నీళ్లు ముంచెత్తి 375 మంది చనిపోయారు. 2003 జూన్ 16న మన గోదావరిఖని 7 ఎల్‌ఈపీ బాయిలో నీళ్లు దూసుకొచ్చి 17 మంది ప్రాణాలు పోయాయి. ఆ తేదీలు సింగరేణి సర్వేయర్లెవరూ మరిచిపోరు. పరిభాష అంటే పరీక్షలో రాసే మాటలనుకునేవాళ్లకు నేను చెప్పేదొకటే. మా పనిలో ఒక మాటకు ఒకే అర్థం ఉండాలి, దాని వెనుక కొలిచిన అంకె ఉండాలి. లేకపోతే మనుషులు చచ్చిపోతారు.

ఇప్పుడు సింగరేణి బొగ్గులో ఎక్కువ భాగం ఓపెన్‌కాస్ట్, అంటే పైనుంచి తవ్వే గనుల నుంచే వస్తోంది. అక్కడి ముఖ్యమైన మాట ఓవర్‌బర్డెన్, వాడుకలో ఓబీ. బొగ్గు మీద ఉన్న మట్టీ రాయీ అంతా ఓబీ. టన్ను బొగ్గు కోసం ఎన్ని ఘనపు మీటర్ల ఓబీ తీయాలన్నది స్ట్రిప్పింగ్ రేషియో. అది పెరిగితే ఖర్చు పెరుగుతుంది, ఓబీ గుట్ట ఎత్తు పెరుగుతుంది, ఆ గుట్టకు కావలసిన భూమీ పెరుగుతుంది. గోదావరిఖని, శ్రీరాంపూర్, మణుగూరు వైపు ప్రయాణం చేసినవాళ్లు దూరం నుంచి చూసిన కొండల్లో కొన్ని కొండలు కావు. అవి ఓబీ గుట్టలు. వానకు వాటి మట్టి వాగుల్లోకి కొట్టుకొస్తుంది.

తవ్వి తీసిన రాతిలోంచి సరుకును వేరుచేసే పనికి బెనిఫిసియేషన్ అని పేరు. ముందు పగలగొడతారు, తర్వాత పిండిగా నూరుతారు. ఆ తర్వాతి పద్ధతి ఖనిజాన్ని బట్టి ఉంటుంది. మంగంపేట ముగ్గురాయికి పెద్ద తతంగం అక్కర్లేదు. దాని విలువంతా బరువులో ఉంది. నీటికన్నా నాలుగు రెట్లకు పైగా బరువైన ఆ రాతిపొడిని చమురు బావుల్లో డ్రిల్లింగ్ బురదలో కలుపుతారు. కింది నుంచి తన్నుకొచ్చే గ్యాసునూ చమురునూ ఆ బరువే అదిమిపెడుతుంది. బరువును బట్టే దానికి ఏ, బీ, సీ అని గ్రేడులు కడతారు.

కడప జిల్లా తుమ్మలపల్లె యురేనియం కథ పూర్తిగా వేరు. అక్కడ టన్ను రాతిలో యురేనియం ఆక్సైడ్ అరకిలో కూడా ఉండదు. రాయి డోలమైట్, అంటే సున్నపురాతికి దగ్గరి చుట్టం. ఝార్ఖండ్‌లోని జాదూగూడలో సల్ఫ్యూరిక్ ఆమ్లంతో యురేనియాన్ని కరిగిస్తారు. ఆ పద్ధతి ఇక్కడ పెడితే ఆమ్లమంతా ఈ డోలమైటే తాగేస్తుంది. అందుకని సోడియం కార్బనేట్, బైకార్బనేట్ ద్రావణంలో, మూసిన పాత్రల్లో, వేడితో, ఒత్తిడితో కరిగిస్తారు. ఈ కరిగించడాన్ని లీచింగ్ అంటారు. కరిగిన అరకిలో లోపు సరుకు తీసుకున్నాక మిగిలిన రాతిపిండి ఏమవుతుంది? దాదాపు తెచ్చిన టన్నుకు టన్నూ, వాడిన మందులతో సహా, బురదగా గొట్టంలో టెయిలింగ్ పాండ్‌కు పోతుంది. టెయిలింగ్స్ అంటే అదీ. తోకలాంటిది, కొసరు అనిపించే ఆ మాటను చూసి మోసపోకూడదు. లోహపు గనుల్లో కొసరు మనం తీసుకెళ్లే లోహమే, మొత్తం సరుకంతా టెయిలింగ్సే. తుమ్మలపల్లె చుట్టుపక్కల రైతులు ఆ చెరువు గురించి, తమ బోరు నీళ్ల గురించి ఏళ్ల తరబడి ఫిర్యాదు చేస్తూనే ఉన్నారు. కోలార్‌లో గనులు మూసి ఇన్నేళ్లయినా మూడు కోట్ల టన్నులకు పైగా సయనైడ్ దిబ్బలు అలాగే నిలిచి ఉన్నాయి. గాలి తోలితే ఆ పొడి ఇళ్లమీద పడుతుంది. గని బతికేది కొన్ని దశాబ్దాలు. టెయిలింగ్స్‌కు ముగింపు తేదీ లేదు. కాబట్టి నన్నడిగితే, గని కాగితంలో మొదట వెతకాల్సిన మాట ఇదే.

మన నేల ఈ శాస్త్రానికి ఇచ్చిన మాటలూ తక్కువేం కాదు. విశాఖ కొండల ఎర్రని రాయి పేరు ఖోండలైట్. ఖోండు గిరిజనుల పేరు మీద టి.ఎల్. వాకర్ 1902లో పెట్టాడు. విజయనగరం దగ్గరి కోడూరు మాంగనీసు గనుల నుంచి కోడురైట్ వచ్చింది. పాపఘ్ని, చిత్రావతి, నల్లమల, శ్రీశైలం, కంభం, పాణ్యం, బనగానపల్లె అన్నవి శిలాసమూహాల పేర్లుగా దేశదేశాల పరిశోధన పత్రాల్లో ఉన్నాయి. అప్పటి ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లిలో దొరికిన డైనోసార్ కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్. దాని ఎముకల గూడు హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబడి ఉంది. పిల్లలను తీసుకెళ్లి చూపించండి.

ఈ నగరానికి పరిభాష కట్టిన చరిత్ర కూడా ఉంది. 1918లో ఉర్దూ మాధ్యమంతో ఉస్మానియా విశ్వవిద్యాలయం మొదలుపెట్టేందుకు అంతకుముందే అనువాద శాఖ పెట్టి శాస్త్రాలన్నిటికీ మాటలు తయారుచేయించారు. 1968లో తెలుగు అకాడమీ వచ్చాక అగ్నిశిల, అవక్షేప శిల, రూపాంతర శిల, భ్రంశం వంటివి మన పాఠ్యపుస్తకాల్లో నిలబడ్డాయి. అవి మంచి మాటలే. అయితే అవి కాలేజీలో ఉండిపోయాయి, బాయి మాటలు బాయిలో ఉండిపోయాయి, నోటీసులు రాసేవాళ్లు ఈ రెండింటినీ పట్టించుకోలేదు. ముగ్గురాయి, అభ్రకం, పలుగు, నాపరాయి, బలపంరాయి, సుద్ద, జేగురు అని జనానికి తెలిసిన పేర్లుండగా కాగితంలో బెరైట్స్, మైకా, క్వార్ట్జ్ అనే ఎందుకు రాయాలి? రెండూ పక్కపక్కన రాస్తే పోయేదేముంది?

చట్టంలోని మాటలు ఇంకో రకం. అవి గెజిట్‌తో మారతాయి. 1957 గనుల చట్టం ఖనిజాలను ప్రధాన ఖనిజాలు, చిన్నతరహా ఖనిజాలు అని విడదీసింది. చిన్నతరహా వాటి మీద నియమాలు చేసేది రాష్ట్రం. 2015 ఫిబ్రవరిలో కేంద్రం 31 ఖనిజాలను చిన్నతరహాలోకి మార్చింది. మన ముగ్గురాయి, అభ్రకం, పలుగు, ఫెల్‌స్పార్ అందులో ఉన్నాయి. 2025 ఫిబ్రవరిలో ఈ నాలుగింటినే మళ్లీ ప్రధాన ఖనిజాలు చేసింది. మంగంపేటలో రాయి మారలేదు, గూడూరు అభ్రకం మారలేదు. వాటి మీద నిర్ణయం తీసుకునే చోటు మారింది.

అన్వేషణ, తవ్వకం అన్న రెండు మాటల దగ్గర 2019లో మన రాష్ట్రంలో పెద్ద పోరాటమే జరిగింది. అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో 83 చదరపు కిలోమీటర్లలో యురేనియం కోసం 4,000 బోర్లు వేసే ప్రతిపాదన అది. "ఇది వెతకడమే, గని కాదు" అన్నారు ఒక పక్షం వాళ్లు. పదకోశం ప్రకారం అది నిజమే. అన్వేషణ వేరు, మైనింగ్ వేరు. కానీ నేను మొదట్లో చెప్పిన మెట్లు గుర్తుచేసుకోండి. జీ1 దాకా పోవడమంటే బోర్లు దగ్గరదగ్గరగా పడటం. ప్రతి బోరుకూ రిగ్గు రావాలి, రిగ్గుకు దారి కావాలి, నీళ్లు కావాలి, మనుషులు కావాలి. పులుల అడవిలో అది చిన్న పని కాదు. నల్లమల జనం భయం అజ్ఞానం వల్ల పుట్టింది కాదని అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటాను. ఆ సెప్టెంబర్‌లో తెలంగాణ శాసనసభ యురేనియం తవ్వకాలకు వ్యతిరేకంగా ఏకగ్రీవంగా తీర్మానం చేసింది.

ఎల్బీనగర్ నుంచి సాగర్ రోడ్డు పట్టుకొని పోతే నల్లగొండ జిల్లాలో లంబాపూర్, పెద్దగట్టు వస్తాయి. అక్కడి యురేనియం గని మీద 2003లో ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది, జనం గట్టిగా ఎదిరించారు. అక్కడ కింద ఉన్నది గ్రానైటే. దాని మీద కోట్ల ఏళ్ల విరామం తర్వాత పరుచుకున్న శ్రీశైలం రాళ్లు ఉన్నాయి. పాత రాయి కోతపడి అరిగిపోయాక చాలాకాలానికి దాని మీద కొత్త రాయి కూర్చున్న ఆ హద్దును అన్‌కన్‌ఫార్మిటీ అంటారు. యురేనియం ఆ హద్దు వెంబడే చేరింది. ఆ హద్దు ఎంత లోతులో ఉంది, దగ్గర్లోని సాగర్ నీళ్లకూ దానికీ మధ్య పగుళ్లున్నాయా అన్నవి ఎవరైనా అడగదగిన ప్రశ్నలు. వాటిని అడగడానికి జియాలజీ డిగ్రీ అక్కర్లేదు. మన్సూరాబాద్‌లో బోరు వేయించుకొని గ్యాప్ అంటే ఏమిటో తెలుసుకున్న మనిషి ఎవరైనా అడగగలడు.

2006 సెప్టెంబర్ 14 నాటి పర్యావరణ నోటిఫికేషన్ ప్రకారం బహిరంగ విచారణకు కనీసం 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. ప్రాజెక్టు నివేదిక సారాంశం స్థానిక భాషలో అందుబాటులో ఉంచాలి. మీ ఊరికి అలాంటి నోటీసు వస్తే మొదటి రోజే వెళ్లి ఆ తెలుగు సారాంశం తెచ్చుకోండి. నిల్వ అని రాసినది ఏ మెట్టు లెక్కో చూడండి, జీ2నా, జీ1నా. ఓబీ ఎక్కడ పోస్తారో, టెయిలింగ్స్ ఎక్కడ నిలుపుతారో, స్టోయింగా కేవింగా, గని మూసేశాక ఆ గొయ్యి ఏమవుతుందో గుర్తుపెట్టి రాసుకోండి. అర్థం కాని మాట కనిపిస్తే సిగ్గుపడకుండా లేచి అడగండి. చెప్పాల్సిన బాధ్యత వేదిక మీద ఉన్నవాళ్లది. సభ అయిపోయిందని లేచి వచ్చేయకండి. ఆ రోజు ఎవరెవరు ఏం మాట్లాడారో ఆ సారమంతా చివర్లో స్థానిక భాషలో చదివి వినిపించి, ఆ తర్వాతే అధికారి సంతకం చేయాలని అదే నోటిఫికేషన్‌లో ఉంది.